యంత్రపు చేతికి స్పర్శజ్ఞానము



మామిడికాయ పక్వమునకు వచ్చినదో లేదో తెలిసికొనుటకు మన తోటలవారు ఏ పరికరమును వాడరు. కాయను అరచేత నుంచుకొని, భుజములు నిండినవా యని చూచి, బొటనవ్రేలితో మెల్లగా నొక్కుదురు. అంతతో తీర్పు అయిపోవును. వంకాయ లేతదో ముదిరినదో, పొదుగులో పాలు మిగిలినవో లేదో, చేను దుక్కికి పదును వచ్చినదో లేదో, కళ్లములోని ధాన్యము ఆరినదో లేదో, ఇవన్నియు మనకు చేయి చెప్పు సంగతులే. కన్ను మోసపోవచ్చును గాని, అనుభవముగల చేయి అంత సులభముగా మోసపోదు.

ఇట్టి జ్ఞానమును యంత్రమునకు నేర్పుటకై నేడు అనేక దేశముల శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు. చర్మమువలె వంగుచు, తనమీద పడిన ఒత్తిడి యెంతయో తెలుపగల పలుచని పొరలను వారు తయారుచేసినారు. వానిని సెన్సారులందురు; మనము స్పర్శగ్రాహకములని పిలుచుకొందము. పొలము దున్నుకొను మనకు దీనితో నేమి పని యని కొందరడుగవచ్చును. పని కలదు. స్పర్శ లేని యంత్రము తోటలోనికి వచ్చినపుడు పంటకును పండించువానికిని ఏమి జరుగునో ఇదివరకే ఒక దేశమున కనబడినది. ఆ సంగతి చెప్పుటకు ముందు మా చేతి కథ కొంచెము చెప్పవలసియున్నది.

మొద్దుబారిన వ్రేలు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున మామిడి అంట్లు కట్టు విధమును చూపుచుండగా, కత్తి జారి మా యెడమచేతి బొటనవ్రేలి మొదటను, చూపుడువ్రేలి మొదటను లోతుగా దిగినది. తప్పు మాదే, చూచువారివైపు మొగము త్రిప్పి మాటలాడుచు కోసితిమి. గాయము మూడు వారములలో మానినది. వ్రేళ్లు ఎప్పటివలెనే ముడుచుకొనినవి. పట్టులోని బలము తగ్గలేదు. గాని తెగిన నరములు వెంటనే అతుకలేదు. ఆ రెండు వ్రేళ్ల కొనలు కొయ్యముక్కలవలె నుండినవి.

మామిడి కోతల కాలము వచ్చినది. కాయలను తరగతులుగా ఏర్చి గంపలలో పేర్చు విధమును చూపుటకు ఒకచోట మేమును కూర్చుంటిమి. జాగ్రత్తగానే పట్టుకొనుచున్నామని మా నమ్మకము. మూడవదినమున గంపలు విప్పి చూడగా, మేము పేర్చిన గంపలోని కాయలమీద మాత్రము బొటనవ్రేలంత మచ్చలు కమిలి యుండెను. ప్రక్కనున్న ముసలి కూలిమనిషి ఆ కాయను త్రిప్పి చూచి, “అయ్యగారూ, మీ చేతికి బలమున్నది గాని చూపు లేదండీ. మీరు లెక్క వ్రాసుకోండి, కాయలు మేము సర్దుతాము” అన్నది.

ఆ మాట మాకు అప్పుడు కష్టముగానే తోచినది. తరువాత ఆలోచింపగా, ఎన్ని పుస్తకములు చదివినను మాకు తెలియని సత్యమును ఆమె చెప్పినదని గ్రహించితిమి. స్పర్శ యనునది బలమునకు కళ్లెము. కళ్లెము లేని బలము తాను పట్టుకొనిన దానినే పాడుచేయును.

చర్మములోని తలుపులు

స్వీడను దేశమునందలి ఉమియో విశ్వవిద్యాలయములో యోహాన్సన్, వాల్బో అను శాస్త్రజ్ఞులు మనుష్యుని అరచేతిని, వ్రేళ్లను పరీక్షించి, ఒక్క చేతి లోపలివైపు చర్మములోనే తాకుడును గ్రహించు నరముల కొనలు సుమారు 17,000 కలవని 1979వ సంవత్సరమున లెక్కకట్టిరి. వీనిలో నాలుగు తెగలున్నవి. కొన్ని నిలుకడగా నున్న ఒత్తిడిని చెప్పును. కొన్ని తాకినపుడును వదలినపుడును మాత్రమే పలుకును. కొన్ని సన్నని అదురును గ్రహించును. కొన్ని చర్మము సాగుటను తెలుపును. చర్మము నొక్కబడినపుడు కణముల పైపొరలో నుండు ఒక ప్రోటీను తలుపువలె తెరచుకొని నరమునకు వార్త పంపునని ఆర్డెమ్ పటపూటియన్ అను శాస్త్రజ్ఞుడు 2010లో కనుగొనెను. 2021వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానములో ఆయనకు భాగము లభించినది.

మనము ఒక వస్తువును ఎత్తునపుడు, అది జారిపోకుండుటకు కావలసిన దానికంటె కొంచెము మాత్రమే ఎక్కువగా బిగింతుము. జారుట మొదలైనచో మనకు తెలియకుండనే పట్టు బిగియును. కోడిగ్రుడ్డుకు ఒక పట్టు, గడ్డపారకు ఒక పట్టు. యోహాన్సన్ వ్రేలికొనలకు మత్తుమందు ఎక్కించి చూపినప్పుడు, అగ్గిపుల్ల తీసి గీయుటయనునంతటి చిన్న పని కూడ బహు ప్రయాసమైనది. చూపు సరిగానే యున్నది, కండరములు సరిగానే యున్నవి, వార్త లేదు.

దీని ఘోరమైన రూపమును మన ప్రక్కనే వెల్లూరులో పాల్ బ్రాండ్ అను వైద్యుడు చూచెను. ఆయన 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో జన్మించి, 1946 నుండి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠురోగుల చేతులను, పాదములను బాగుచేయుటకు పూనుకొనెను. ఒకనాడు త్రుప్పుపట్టిన తాళము ఆయనకు రాకపోగా, బక్కచిక్కిన రోగి బాలుడొకడు తాళపుచెవి పుచ్చుకొని ఒక్క త్రిప్పున దానిని తీసెను. బలవంతుడని వైద్యుడు మెచ్చుకొనబోవునంతలో నేలమీద రక్తపు చుక్కలు కనబడినవి. తాళపుచెవి బాలుని వ్రేలిని ఎముకవరకు కోసినది. వానికి తెలియనే లేదు. కుష్ఠురోగుల వ్రేళ్లు పోవుటకు ముఖ్యకారణము మాంసము తనంతట కుళ్లుట కాదనియు, నొప్పి తెలియక దినదినము తగులు దెబ్బలేయనియు లోకమునకు చాటినవారిలో ఆయన ముఖ్యుడు.

పండును మార్చిన యంత్రము

ఇక యంత్రము సంగతి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో డబ్బాలలో నింపుటకు పనికివచ్చు టమాటాను విరివిగా పండింతురు. పూర్వము దానిని కూలీలే చేతితో కోయుచుండిరి. మెక్సికో దేశమునుండి కూలీలను రప్పించు ప్రభుత్వ ఏర్పాటు 1964తో ముగిసినది. అప్పటికే డేవిస్‌లోని విశ్వవిద్యాలయములో ఒక కోతయంత్రము సిద్ధమైయుండెను. అది మొక్కను మొదట కోసి, పైకెత్తి, దులిపి కాయలను రాల్చును. మెల్లగా పట్టుట దానికి తెలియదు. మామూలు టమాటా ఆ దులుపుడునకు చితికిపోయినది.

అప్పుడేమి చేసిరి? యంత్రమునకు మెత్తని చేయి ఈయలేక, పండునే గట్టిపరచిరి. జాక్ హన్నా అను సస్యశాస్త్రజ్ఞుడు దెబ్బకు ఓర్చునట్టియు, ఒక్కమారుగ పక్వమునకు వచ్చునట్టియు రకములను ఆ యంత్రముకొరకే పెంచెను. కొలది సంవత్సరములలో ఆ పంట యావత్తు యంత్రమునకే అప్పగింపబడినది. ఒక్కొక్క యంత్రము వెల 50,000 డాలర్లకు పైబడియుండుటచే, విస్తారమైన భూమి గలవారికే అది గిట్టినది. 1960 ప్రాంతమున సుమారు 4,000 మందియున్న ఆ పంట రైతులు 1973 నాటికి సుమారు 600 మందికి దిగిరి. కోతపనివారు వేలకొలది పని కోల్పోయిరి.

యంత్రమే చెడ్డదని మేము చెప్పుట లేదు. టమాటా ధర తగ్గినది, పంట పెరిగినది, ఇదియు నిజమే. గాని గమనింపవలసిన దేమన, స్పర్శ లేని యంత్రము వచ్చినపుడు అది పంటకు తగినట్లు మారలేదు. పంటయే, పొలమే, రైతే దానికి తగినట్లు మారవలసివచ్చినది. స్పర్శగల యంత్రము వచ్చినచో ఈ వరుస తిరుగబడునా? మన బంగినపల్లిని, మన రసాలను ఉన్నవి ఉన్నట్లే పట్టుకొనగల చేయి దానికుండునా? ఈ విషయము మనకు ముఖ్యమగుట ఇందుచేతనే.

వంగు పొర ఎట్లు పనిచేయును?

స్పర్శగ్రాహకములు పలు విధములు. మూడింటిని మాత్రము చెప్పుదుము.

మొదటిది బొగ్గు కలిపిన రబ్బరు. రబ్బరులో విద్యుత్తు ప్రవహింపదు, బొగ్గులో ప్రవహించును. బొగ్గు నలుసులను రబ్బరులో కలిపి పలుచని పొర చేసినచో, నలుసులు ఎడమెడముగా నుండును. కూలీలు వరుసగా నిలిచి గంపలను చేతికి చేయి అందించుకొనుట చూచియున్నారు గదా. ఎడముగా నిలిచినచో గంప నడువదు. దగ్గరగా నిలిచినచో పరుగెత్తును. అట్లే పొరను నొక్కినకొలది నలుసులు దగ్గరపడి విద్యుత్తుకు దారి యేర్పడును. ఎంత విద్యుత్తు నడచినదో కొలిచి, ఎంత నొక్కుడు పడినదో తెలిసికొందురు.

రెండవది రెండు లోహపు రేకుల నడుమ మెత్తని రబ్బరు నుంచినది. రేకులు దగ్గరయైనకొలది అవి నిలుపుకొను విద్యుత్తు హెచ్చును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో జెనాన్ బావో అను విదుషీమణియు, ఆమె తోడివారును 2010లో ఈ రబ్బరును చదునుగా నుంచక, కంటికి కానరాని గోపురములవలె పోతపోసిరి. గోపురముల నడుమ గాలియుండుటచే రబ్బరు సులభముగా అణగి, వదలినంతనే లేచును. 20 మిల్లీగ్రాముల బరువుగల ఈగ వ్రాలినను ఆ పొర తెలిసికొనగలిగెను.

మూడవది నొక్కినపుడు తానే విద్యుత్తును పుట్టించు పదార్థము. కొన్ని స్ఫటికములకు ఈ గుణమున్నదని ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. స్ఫటికము పెళుసు, వంగదు. వంగెడి ప్లాస్టిక్కులో ఇదే గుణము గట్టిగా నున్నదని జపానులో కవాయ్ 1969లో చూపెను. ఇట్టి పొర నిలుకడగానున్న బరువును చెప్పజాలదు గాని, మార్పును, అదురును వెంటనే చెప్పును. పండు వ్రేళ్ల నడుమ జారుట మొదలిడునపుడు పుట్టు సన్నని అదురును పట్టుటకు ఇది అనుకూలము.

ఒక్క గ్రాహకముతో చేయి కాదు. అందుచే పొర కొకవైపున నిలువు తీగలును, రెండవవైపున అడ్డు తీగలును పరతురు. నిలువును అడ్డమును కలియు ప్రతిచోటును ఒక గ్రాహకమగును. తోటలో “అయిదవ వరుస, ఏడవ చెట్టు” అని మనము గురుతు చెప్పుకొనునట్లే, ఏ చోట ఎంత నొక్కుడు పడినదో కంప్యూటరు వరుసగా అడిగి తెలిసికొనును. టోక్యో విశ్వవిద్యాలయములో తకావో సోమెయాయు, ఆయన సహచరులును ఇట్టి గళ్లపొరను పలుచని ప్లాస్టిక్కుపై నిర్మించి, సన్నని కడ్డీ చుట్టును చుట్టగలుగునంతగా వంగునట్లు చేసి, 2004లో ప్రకటించిరి.

పొర వంగుట ఏలయన, పండు గుండ్రనిది, వ్రేలును గుండ్రనిది. గట్టి బల్లవంటి పరికరము పండును ఒక్క బిందువునందే తాకి, బరువంతయు అచ్చటనే మోపును. మచ్చ పడునది అచ్చటనే. వంగు పొర పండు నొదిగి పట్టి ఒత్తిడిని విస్తరింపజేయును. ఎచ్చటనైన ఒక్కచోట హెచ్చినచో చెప్పును.

అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయములో సుబ్రమణియన్ సుందరమును, ఆయన సహచరులును 2019లో చేసిన ప్రయోగము మనకు మరింత దగ్గరిది. వారు ఒక అల్లిక చేతితొడుగునకు 548 గ్రాహకములను అమర్చిరి. దానికైన సామగ్రి ఖర్చు సుమారు 10 డాలర్లు మాత్రమే. ఆ తొడుగు వేసికొని మనుష్యుడు 26 వస్తువులను పట్టుచు, ఎత్తుచు, త్రిప్పుచు నుండగా, ప్రతి క్షణమున చేతిలో ఒత్తిడి ఎచ్చటెచ్చట పడినదో వ్రాయించిరి. ఆ లెక్కలనుండి కంప్యూటరు, చూడకయే, పట్టిన వస్తువేదో గుర్తించుటయు, దాని బరువును అంచనా కట్టుటయు నేర్చుకొనినది. ఇందు గమనింపవలసినది ఒకటి కలదు: యంత్రము తనంతట స్పర్శవిద్యను కనిపెట్టలేదు, మనుష్యుని చేతియొద్దనే చదువుకొనినది.

ఇంకను తీరని లోపములు

ఇంత చెప్పినను, రేపే తోటలలో యంత్రపు చేతులు దిగునని ఎవరును అనుకొనరాదు. తినుటకై తాజాగా అమ్ము స్ట్రాబెర్రీ, ఆపిలు వంటి పండ్లను అమెరికా, ఐరోపా దేశములలో సహితము నేటికిని ఎక్కువగా మనుష్యులే కోయుచున్నారు. రబ్బరు పొర నొక్కి వదలినపుడు పరుపువలె కొంతసేపు అణగియే యుండును. ఆలోపున చెప్పు లెక్క తప్పు. ఎండకు ఒక లెక్క, మంచుకు ఒక లెక్క చెప్పును. దుమ్ము, చెమ్మ, కాయ సొన దానికి శత్రువులు. మన చర్మము అరిగినచో మరల పెరుగును. ఆ పొర అరిగినచో మార్చవలసినదే.

వీనికంటె పెద్ద లోపమొకటి కలదు. పాల్ బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లిన తరువాత, నొప్పి తెలియని రోగులకు బదులు స్పర్శను కల్పింపవలెనని తలపెట్టెను. చేతితొడుగులలోను పాదరక్షలలోను ఒత్తిడి గ్రాహకములను అమర్చి, ఒత్తిడి మితిమీరినపుడు చెవిలో మ్రోత వినబడునట్లు చేసిరి. రోగులు విని ఊరకుండిరి. పిమ్మట చంకలో విద్యుత్తు తగులునట్లు చేసిరి. అప్పుడు రోగులు ఏదైన బిగువైన పని చేయవలసివచ్చినపుడు మీట ఆర్పివేసి, పని ముగిసిన తరువాత మరల వేసికొనిరి. గ్రాహకములును తరచు చెడిపోవుచుండెను. తుదకు ఆ ప్రయత్నమును మానుకొనిరి. అది తెలివితక్కువ పని కాదు. మంచి వైద్యుడు, మంచి ఉద్దేశము. ఐనను వార్త అందుట వేరు, వార్తకు లోబడుట వేరు అని దానివలన తెలిసినది.

యంత్రము రోగివలె మీట ఆర్పదు, నిజమే. గాని దాని మీట దాని యజమాని చేతిలో నుండును. ఇంతకంటె గట్టిగా నొక్కవద్దని హద్దు నిర్ణయించువాడు మనుష్యుడే. గంటకు మరి నాలుగు గంపలు కావలెనను ఆశతో ఆ హద్దును సడలించినచో, ఎంత మంచి గ్రాహకమున్నను కాయ కమిలియే తీరును. యంత్రమునకు స్పర్శ వచ్చినంత మాత్రమున దయ రాదు.

మనము చేయదగినది

కావున సంఘ సభ్యులకు మేము విన్నవించుకొనునవి కొన్ని కలవు.

ఒకటి. కోతకుగాని, ఏర్పాటుకుగాని స్పర్శగల యంత్రమని చెప్పి ఎవరైన తెచ్చినపుడు, అది పనిచేయు తీరును ఆనాడే చూచి మెచ్చుకొని ధర చెల్లింపకుడు. మన తోటలో, మన రకపు కాయనే కోయించి, ఒక గంప యంత్రము పేర్చినదియు, ఒక గంప మన మనుష్యులు పేర్చినదియు ప్రక్కప్రక్కన ఉంచి, మూడు దినములైన తరువాత విప్పి, కమిలిన కాయలను లెక్కించుడు. దెబ్బ ఆనాడు కనబడదు. ఇది మేము మా చేతితోనే నేర్చుకొనిన పాఠము.

రెండు. ఒక్కొక్కరు అప్పుచేసి కొనవలదు. కాలిఫోర్నియాలో చిన్న రైతులు పోయినది యంత్రమువలన మాత్రమే కాదు, దానిని ఒంటరిగా కొనలేకపోవుటవలనను. పదిమంది కలిసి సంఘము పేర కొని, ఎకరముల చొప్పున బాడుగ యేర్పరచుకొనినచో, రెండెకరముల వానికిని అది అందును. ఒత్తిడి హద్దు ఎంత ఉండవలెనో నిర్ణయించు అధికారమును సంఘమునకే ఉండునట్లు వ్రాయించుకొనుడు.

మూడు. మన ఊళ్లలో కాయను ముట్టి దాని వయస్సు చెప్పగల పెద్దలు ఇంకను ఉన్నారు. వారి విద్య కాగితముమీద లేదు, వారితోనే పోవును. పడుచువారిని వారి ప్రక్కన కూర్చుండబెట్టుడు. రేపు యంత్రమునకు నేర్పవలసివచ్చినను, నేర్పువారు వారే కావలయును. ఆ నేర్పునకు కూలియు వారికే ముట్టవలెను. కోతపనివారికి చెప్పకుండ యంత్రమును తోటలోనికి తేవలదు.

నాలుగు. ఉన్న చేతులను కాపాడుకొనుడు. పురుగుమందు వట్టి చేతులతో కలుపకుడు. లోతుగా తెగిన వ్రేలు మొద్దుబారినచో, గాయము మానినదని ఊరకుండక వెంటనే వైద్యునికి చూపుడు. ఒంటిమీద పాలిపోయిన మచ్చలో తాకుడు తెలియకున్నచో సిగ్గుపడక ప్రభుత్వ ఆసుపత్రికి పొండు. కుష్ఠునకు నేడు మందు కలదు, ఉచితముగా నిత్తురు. తొలినాళ్లలో వాడినచో చేయి చేయిగానే మిగులును.

తెగిన నరము దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగునని వైద్యులు మాకు చెప్పిరి. మా వ్రేళ్లకు స్పర్శ ఏడాదికి గాని తిరిగి రాలేదు; వచ్చినదియు మునుపటంత కాదు. నేటికిని అంటుకు నార చుట్టునపుడు బిగువు సరిపోయినదో లేదో కుడిచేతితో మరల చూచుకొందుము. కోతల కాలమున లెక్క వ్రాయుట మా పని. కాయలు సర్దుట ఆమె పని.